నా మిషిను ఆడని ఎత్తు

మొన్న మా ఇంటికి సార్ వచ్చారు. ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకు సంబరమే అవుతుంది, ఎక్కడ తన పేరు కనపడినా కత్తిరించి దాచుకునే మనిషి. నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల విభాగానికి ఆయనే పెద్ద. రిటైరవుతున్నారట, సభ పెడుతున్నారట, పాత విద్యార్థులు ఒక్కొక్కరూ లేచి సార్ తమకేం చేశారో చెప్పాలట. నన్ను ఆ చదరంగం కప్పు గురించి మాట్లాడమని అడగడానికి స్వయంగా వచ్చారు. స్వయంగా వచ్చాను చూడు అని కూర్చున్నంతసేపూ అంటూనే ఉన్నారు. నల్లగొండలో మేముండే కిరాయి ఇంట్లో, మా ప్లాస్టిక్ కుర్చీలో, మా బాపు పక్కనే కూర్చుని, నేనిచ్చిన చాయ తాగారు. ఆ చాయలో ఇంత ఉప్పు వేద్దామనిపించింది. వేయలేదు. మా అమ్మ పెంపకం అట్లాంటిది, శత్రువు వచ్చినా చాయ మంచిగా పెట్టాలంటుంది.

నిన్నగాక మొన్న ముప్పై దాటినదానికి జ్ఞాపకాలేమిటని నవ్వేవాళ్ళను నవ్వనీ. కొన్ని సంగతులు ముసలితనం దాకా దాచిపెడితే పులిసి పాడవుతాయి. ఆ కప్పు మా కాలేజీకి వచ్చిన ఏడు మా బాపు నా మాట నమ్మలేదు. నా బాధ అది. కప్పులూ శాలువాలూ సభలూ నాకు ఒక లెక్కలోవి కావు. నా కండ్లతో చూసింది చూసినట్టు చెబితే, నన్ను కన్న మనిషి నన్ను పక్కనపెట్టి ఇంకొకరి మాట నమ్మాడు. సార్ మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు గానీ, దాని వేరు మాత్రం మా ఇంట్లోనే ఉంది.

మా ఊరు కట్టంగూర్ దగ్గర. హైవే మీద బస్సు దిగి లోపలికి నడవాలి. తెలంగాణ వచ్చిన కొత్త, ఊరంతా గోడలకు గులాబీ రంగులు, పాటలు, మాకేదో అయిపోతుందన్న ఆశ. మాకు సొంత భూమి లేదు. బాపు వయసులో ఉన్నప్పుడు ఒక పటేలు దగ్గర పాలేరుగా జీతమున్నాడు, తర్వాత ఒకరి బత్తాయి తోటలో కావలి పనికి కుదిరాడు. పూత కాలంలో ఆయన ఇంట్లోకి వస్తే అంగీ నుంచి బత్తాయి పూల వాసన వచ్చేది. ఆ వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె మాడిన వాసన, అవ్వ తాగే చుట్ట కంపు, ఈ మూడూ కలిస్తే నాకు సాయంత్రమైనట్టు లెక్క. కాలేజీ బస్సు దిగి ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే అవ్వ పిలిచేది. నా అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు. కండ్లు పోయి చాలా కాలమైంది, ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగీ తాగీ మోకాళ్ళు వంకరపోయాయి. ఆదివారం చర్చికి మాత్రం నా భుజం పట్టుకుని నడిచేది, మిగతా రోజులన్నీ అరుగు మీదే.

ఆ అరుగు మీద బొగ్గుతో పులిమేక పటం గీసి ఉండేది. వాన పడితే కొట్టుకుపోయేది, నేను మళ్ళీ గీసేదాన్ని. పక్కింటి ముత్తమ్మ పులులు, మా అవ్వ ఎప్పుడూ మేకలు. పులులకు రాళ్ళు, మేకలకు చింతగింజలు. కండ్లు లేని మనిషి ఎట్లా ఆడుతుందంటే, పటం మొత్తం ఆమె తలలో ఉండేది. ఒక్కో జాగాకు ఒక్కో పేరు పెట్టుకుంది, నెత్తి, నడుము, దర్వాజ, మూల. పులి ఎక్కడికి దుమికిందో నేను చెప్పాలి, ఆమె ఎక్కడ పెట్టమంటే అక్కడ గింజ పెట్టాలి. నా పని అంతవరకే. నన్ను పేరు పెట్టి కూడా పిలిచేది కాదు, ఆట నడిచినంతసేపూ నేను ‘చెయ్యి’ని. “చెయ్యికి నోరుండొద్దు బిడ్డా” అనేది. ఒకసారి తోట నుంచి వచ్చిన బాపు పటం చూసి, అక్కడ పెడితే మేక పోతుందని చెప్పబోయాడు. అవ్వ చేత్తో పటమంతా చెరిపేసింది. ఓడితే నేనోడుత, నడుమ నీదేంది అని కొడుకును ఇంత తిట్టు తిట్టింది. బాపు నవ్వుకుంటూ కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

అవ్వ ఆట తీరు వేరు. మేకలను కాపాడుకునేది కాదు. ఇచ్చేసేది. ఒకటి తిననిచ్చి, రెండోది తిననిచ్చి, పులి కడుపు నిండా తిని కదలడానికి జాగా లేకుండా ఇరుక్కున్నాక చుట్ట ముట్టించేది. చాలాసార్లు లెక్క తప్పి ఓడిపోయేది కూడా. ఓడినా ఆ ఆటే ఆడేది.

కాలేజీలో ప్రాజెక్టు చేయాల్సి వచ్చినప్పుడు నేను చదరంగం ఆడే ప్రోగ్రాము రాస్తానన్నాను. సార్ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఊరి నుంచి వచ్చే పిల్లలకు ఇట్లాంటివి ఎందుకమ్మా, ఏదైనా చిన్న లైబ్రరీ ప్రోగ్రాము చేసుకోరాదా అన్నారు. నేను వినలేదు. అందరూ ఏ బలగానికి ఎంత విలువో లెక్కేసి ప్రోగ్రాము రాస్తారు. ఏనుగుకింత, గుర్రానికింత, బంటుకింత. నేను అవ్వ దగ్గర నేర్చుకున్నది రాశాను. ఎదుటి రాజుకు కదలడానికి ఎన్ని గడులు మిగిలాయి, దానికే ఎక్కువ విలువ. అందుకే నా ప్రోగ్రాము బలగాన్ని చులకనగా ఇచ్చేసేది. ల్యాబులో పిల్లలు ‘ధర్మదాత’ అని పేరు పెట్టి ఏడిపించేవారు. నాకు పౌరుషం వచ్చేది, ముద్దు కూడా వచ్చేది. బస్సు తప్పిపోయి షేరాటోలో వేలాడుతూ ఇంటికి వచ్చిన రోజులున్నాయి దాని కోసం.

మహబూబ్‌నగర్ దగ్గర ఒక కాలేజీ వాళ్ళు పోటీ పెట్టారు. విద్యార్థులు రాసిన ప్రోగ్రాములే ఒకదానితో ఒకటి ఆడాలి. ఇది తెలియని వాళ్ళకోసం చెప్తాను. రెండు ల్యాప్‌టాపులు వెన్ను చూపించుకుని ఉంటాయి, నడుమ మామూలు చెక్క బోర్డు, గడియారం. ఒక్కో మిషిను దగ్గర ఒక మనిషి కూర్చుంటాడు. ఆపరేటర్ అంటారు. ఎదుటివాళ్ళ ఎత్తును మిషినుకు టైపు చేసి చెప్పాలి, మిషిను చూపించిన ఎత్తును బోర్డు మీద ఆడాలి, గడియారం నొక్కాలి. సొంత తెలివి వాడకూడదు. మిషిను పిచ్చి ఎత్తు చూపించినా అదే ఆడాలి. ఓటమి ఒప్పుకోవాలన్నా రెఫరీని పిలవాలి. టైపింగులో తప్పు పడితే దిద్దుకోవచ్చు, అంతవరకే. రూలు చదవగానే నాకు నవ్వొచ్చింది. ఇది మా అరుగు మీద నేను ఏండ్ల తరబడి చేసిన పనే.

ఫైనల్ దాకా నేనే కూర్చున్నాను. ఫైనల్లో హైదరాబాదు వైపు కాలేజీ ఎదురుపడగానే సార్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. ఆడపిల్లవు, చేతులు వణుకుతాయి, లే, నేను కూర్చుంటానన్నారు. ప్రాజెక్టు గైడ్ కూర్చోవచ్చని రూల్లో ఉంది, నా గైడ్ ఆయనే. నా చేతులు వణకలేదు. వణికేవి వేరే వాళ్ళవి, జిల్లా పేపర్లో ఫొటో కోసం. అయినా లేచాను. సార్ లెమ్మంటే లేవడం తప్ప ఇంకోటి నాకప్పుడు తెలియదు. ఆయన వెనక నిలబడి తెర మీదకు చూస్తున్నాను.

ఆట నడుమకొచ్చింది. ఎదుటి రాజు ఒక మూలకు నక్కి ఉన్నాడు. నా మిషిను చాలాసేపు ఆలోచించి, గుర్రంతో బంటును కొట్టమని చూపించింది. గుర్రం పోతుంది, ఎవరికైనా కనపడుతుంది. కానీ రాజుకు కదిలే గడులు తగ్గిపోతాయి. అవ్వ ఆట అది, అచ్చంగా అవ్వే. సార్ తెర చూశారు, బోర్డు చూశారు, గుర్రాన్ని ముట్టుకోలేదు. ఏనుగును రెండు గడులు పక్కకు జరిపి గడియారం నొక్కారు. నొక్కి, నేను టైపింగు తప్పుల కోసమని పెట్టుకున్న ‘వెనక్కి’ మీట కొట్టి, మిషిను చూపించిన ఎత్తును చెరిపి, తన ఎత్తును ఎక్కించారు. ఆ మీట కొడితే ముందుది మిగలకుండా పోతుంది. నేను రాసినదే, నాకు తెలుసు. ఆ తర్వాత మిషిను ఆయన పెట్టిన చోటు నుంచే బుద్ధిగా ఆడుకుంటూ పోయి గెలిచింది.

గెలిచాక కాదు, అప్పుడే, ఆట నడుస్తుండగానే నేను రెఫరీ దగ్గరికి పోయి చెప్పాను. పెద్దాయన, నెమ్మదస్తుడు. వచ్చి సార్‌ను మర్యాదగా అడిగాడు. సార్ నవ్వారు. టైపింగు తప్పు పడితే దిద్దానని, పిల్లకు ఇది మొదటి పోటీ కాబట్టి గాబరా పడుతోందని చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అయ్యో పాపం అన్నట్టు నవ్వారు. ఒక్కరు కూడా నన్ను కసురుకోలేదు. కసురుకుంటే తిరిగి కసురుకునేదాన్ని. ముద్దు చేసి నోరు మూయిస్తే ఏం చేయాలో ఆ వయసులో తెలియలేదు, ఇప్పుడైనా తెలుసో లేదో. కప్పిచ్చేటప్పుడు నేను స్టేజీ ఎక్కలేదు.

తర్వాత కాలేజీలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. ఆ ఎత్తు నా మిషినుది కాదు, సార్‌ది అని. కొందరు గెలిచాం కదా ఊకోరాదా అన్నారు. కొందరు అసలు ప్రోగ్రామే సార్ రాసిచ్చి ఉంటారని అనుకోవడం మొదలుపెట్టారు. మా ఊరి నుంచి, మా వాడకట్టు నుంచి వచ్చిన పిల్ల సొంతంగా ఏదైనా చేసిందంటే లోకానికి గొంతు దిగదు. వెనక ఎవరిదో చెయ్యి ఉండాలి. సార్ నిజంగానే చెయ్యి పెట్టి వాళ్ళ నోటికి అది అందించారు. అందుకే క్షమించను. సంగతి తన చెవిన పడగానే సార్ మా బాపుకు ఫోన్ చేశారు. తిట్టలేదట. పిల్ల భవిష్యత్తు గురించి ఫికరవుతోందన్నారట.

ఆ సాయంత్రం బాపు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు. నేను పులిమేక పటం గీసి, రాళ్ళూ గింజలూ పెట్టి, మిషిను ఏం చెప్పిందో, సార్ ఏం ఆడారో అన్నీ చూపించాను. బాపుకు మొత్తం అర్థమైంది. అదే నాకు మింగుడుపడనిది. అర్థం కాక నమ్మకపోతే వేరు.

“సార్ గంత సదువుకున్నోడు బిడ్డా. గెలిపిచ్చిండంటవ్, మల్ల ఆయన మీదనే పంచాయితంటవ్. ఆయనకు అబద్ధమాడే గరజేంది?”

అరుగు మీద నుంచి అవ్వ అందుకుంది. “ఇన్నేండ్లు దాని కండ్లతోనే ఆడిన్రా నేను. పులి ఏడుందో ఒక్కపారన్న తప్పు జెప్పలే.”

“నీకు తెల్వది, ఊకో అవ్వా” అన్నాడు బాపు.

తెల్లారి తోట యజమానిని అడిగి సంచినిండా బత్తాయిలు తెంపుకొచ్చి, నన్ను వెంటబెట్టుకుని నల్లగొండలో సార్ ఇంటికి తీసుకుపోయాడు. వరండాలో నిలబడ్డాం. కూర్చోమని ఎవరూ అనలేదు, బాపు కూర్చునే రకమూ కాదు. సార్ టిఫిన్ చేసి మూతి తుడుచుకుంటూ వచ్చారు. “తప్పయింది సార్ అని చెప్పు బిడ్డా” అన్నాడు బాపు. నేను బాపు మొహంలోకి చూశాను. ఆయన చూపు నేల మీద ఉంది. చెప్పాను. సార్ పర్లేదు పర్లేదు, పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అంటూ బత్తాయి ఒకటి తీసి వాసన చూశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాపు తేలికపడ్డ మనిషిలాగా పల్లీలు కొనిచ్చాడు. నేను తినలేదు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది కాబట్టి, నా అంత నేను బతుకుతున్నాను కాబట్టి, బాపు అట్లా ఎందుకు చేశాడో ఆలోచించగలను. జీతమున్న రోజుల్లో ‘తప్పయింది’ అనే మాట ఆయనకు అన్నం పెట్టింది, దెబ్బలు తప్పించింది. తప్పు చేశాడా లేదా అన్నది ఎన్నడూ లెక్కలోకి రాలేదు. ఆ మాటకు ఖర్చు లేదని ఆయన అనుకున్నాడు, కూతురి నోటితో పలికిస్తే గండం గడిచిపోతుందనుకున్నాడు. అర్థం చేసుకున్నాను. అర్థమైనంత మాత్రాన కోపం పోదు. అవ్వ ఆ మరుసటేడు పోయింది. మా ఇంట్లో నన్ను నమ్మిన ఒక్క మనిషీ పోయిందని ఏడ్చాను, ఆ ఏడుపులో సగం బాపు మీద కసి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఎవరో వచ్చి చెప్పకముందే. ఆ వారంలోనే నేను ఆ ఆటను మళ్ళీ మిషినులో పెట్టి, రెండు పక్కలా దాన్నే ఆడిస్తూ, గుర్రంతో కొట్టించి చూశాను. ఓడిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా ఓడిపోయింది. రాజు ఇరుక్కున్నట్టే ఇరుక్కుని ఒక సందులో నుంచి బయటపడ్డాడు. సార్ ఆడిందే మంచి ఎత్తు. ఆ సంగతి తెలిశాక నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. నా మిషినుకు ఎక్కడ తెలివి చాలలేదో ఫైనల్లో అందరి ముందు నాకు తెలిసి ఉండేది, దిద్దుకునేదాన్ని, మరో ఏడు పోయేదాన్ని. ఓడిపోయి వచ్చి ఉంటే అది నా ఓటమి అయ్యేది. నాకు దక్కింది ఎవరిదో గెలుపు. ఇప్పటి పిల్లల చేతిలో ఫోన్లున్నాయి, అందులో చదరంగం ప్రపంచంలో ఎవరినైనా ఓడిస్తుంది. పోటీల్లో మిషినును మిషినుకు నేరుగా కలిపేస్తున్నారు, నడుమ మనిషి కూర్చునే కుర్చీయే తీసేశారు. మంచి పని చేశారు. ఆ కుర్చీలో మా అవ్వ నేర్పినట్టు కూర్చోవడం వచ్చినవాళ్ళు ఎంతమందని? మిగతా అన్ని కుర్చీల్లో మాత్రం సార్ లాంటివాళ్ళు అట్లాగే కూర్చుని ఉన్నారు, పిల్లల మేలు కోసమే.

మొన్న చాయ తాగుతూ సార్ మా బాపు వైపు తిరిగారు. ముసలాయనను నవ్వించాలనుకున్నారేమో, లేక ఇన్నేండ్ల తర్వాత ఇక ఎవరికేం నష్టమనుకున్నారేమో.

“మీ బిడ్డకు అప్పుడు నా మీద భలే కోపమొచ్చింది పెద్దాయనా. దాని ప్రోగ్రాము గుర్రాన్ని ఉత్తపుణ్యానికి ఇచ్చేస్తాంది. నేను ఆ ఎత్తు మార్చకపోతే కప్పు ఏడుంటుండె?”

బాపు గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు చెవులు బాగానే వినపడతాయి, అయినా మళ్ళీ అడిగాడు. “మీరు మార్చిన్రా సార్?”

“మార్చిన మరి. గురువన్నంక ఆమాత్రం చెయ్యడా?”

అంత తేలికగా. ఇన్నేండ్లు నేను గొంతులో పెట్టుకుని తిరిగిన మాటను ఆయన బిస్కెట్ నములుతూ అనేశారు. లోపల నుంచి అమ్మ వచ్చి దర్వాజలో నిలబడింది. బాపు కొంచెంసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. సార్ ముందు బాపు నిలబడటం కొత్త కాదు, కానీ చూపు నేల మీద లేదు.

“ఆనాడు మీ ఇంటికి తోల్కొచ్చి నా బిడ్డతోని తప్పయిందని అనిపిచ్చిన సార్. గిప్పుడు మీరు మా ఇంట్ల ఉన్నరు.”

సార్ నవ్వారు. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద మాటలెందుకు అన్నారు. బాపు నవ్వలేదు, కూర్చోలేదు. అట్లాగే ఎదురుచూస్తూ నిలబడ్డాడు. సార్ ఫోన్ తీసి చూసుకున్నారు, ఎవరో పిలుస్తున్నారన్నారు. ఫోన్ మోగలేదు. చెప్పులేసుకుని, సభకు తప్పకుండా రావాలమ్మా అని నాతో అని వెళ్ళిపోయారు. మా ఇంటికి ఎవరొచ్చినా బాపు గేటు దాకా పోయి సాగనంపి వస్తాడు. మొన్న కదల్లేదు.

మోటారు సైకిలు చప్పుడు సందు దాటిపోయాక నా వైపు తిరిగాడు. “ఆయనది ఆయన చెప్పలే. నాదైతే నేను చెప్త. తప్పయింది బిడ్డా. నేను నిన్ను నమ్మలే.”

పర్వాలేదు బాపు అనాలి. కూతుళ్ళు అట్లాగే అంటారు, అమ్మ కూడా దర్వాజలో నుంచి నన్నే చూస్తోంది.

“ఔ బాపు, నమ్మలే” అన్నాను.